గోడెల్ నిరూపణ, త్రిత్వపు లెక్క: ఒక గణిత విద్యార్థిని ఉత్తరానికి సమాధానం

ప్రశ్న: నేను కడపలో ఎం.ఎస్సీ. గణితం రెండో సంవత్సరం చదువుతున్నాను. లండన్ మిషన్ కాలం నుంచి మాది సంఘంలో ఉన్న కుటుంబం. మొన్న జరిగిన యువజన కూటమికి బయటి నుంచి వచ్చిన వక్త ఒకరు, గోడెల్ అనే గణితవేత్త దేవుడున్నాడని లెక్కలతో నిరూపించాడనీ, ఆ నిరూపణ సరైనదేనని కంప్యూటర్ కూడా తేల్చిందనీ, ఇక నాస్తికులకు మాట లేదనీ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. హాస్టల్‌కు వచ్చి గదిలోని స్నేహితురాళ్లకు గొప్పగా చెబితే, వాళ్లలో ఒకమ్మాయి, "అయితే ఒకటీ ఒకటీ ఒకటీ కలిపితే మీకు ఒకటే ఎట్లా అవుతుంది? వృత్తం చుట్టుకొలత వ్యాసానికి సరిగ్గా మూడింతలని మీ బైబిల్లో ఉందంట గదా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. తర్వాత ఆ గోడెల్ నిరూపణ సంపాదించి చదివాను గాని, అందులో నిరూపించకుండా ముందే పెట్టుకున్న స్వీకృతాలను ఎందుకు ఒప్పుకోవాలో అర్థం కాలేదు. ఇప్పుడు ప్రార్థనకు కూర్చున్నా దీనికి నిరూపణ ఏదన్న ఆలోచనే వస్తోంది. అమ్మతో అంటే, "ఎక్కువ చదివితే ఇట్లే అయితాది" అంది. నిరూపణ అడగడం అవిశ్వాసమా? వచ్చే నెల కూటమిలో "గణితం, దేవుడు" అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని పెద్దలు నాకే అప్పగించారు. ఏం మాట్లాడాలి?
ఒక సోదరి, కడప

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్నగా కాక మామూలు మాటగా వచ్చిన వాక్యం ఒకటుంది. ఆ స్వీకృతాలను ఎందుకు ఒప్పుకోవాలో అర్థం కాలేదన్నారు. మిగిలిన సందేహాలన్నీ దాని చుట్టూ తిరుగుతున్నవే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మీకు అర్థం కాకపోవడం మీ చదువులో లోపం కాదు. నిరూపణ చదివే మనిషి ఎక్కడ ఆగి నిలదీయాలో అక్కడే మీరు ఆగారు. చప్పట్లు కొట్టినవారు ఆ చోటును చూడకుండానే దాటిపోయారు.

గోడెల్ రాసినది పూర్తిగా కొత్త వాదం కాదు. పదకొండవ శతాబ్దంలో ఆన్సెల్మ్ అనే క్రైస్తవ సన్యాసి, దేనికంటె గొప్పదాన్ని మనం ఊహించలేమో అదే దేవుడనీ, అటువంటిది మనసులో మాత్రమే ఉండి బయట లేకపోతే దానికంటె గొప్పదాన్ని ఊహించగలిగినట్టే అవుతుందనీ, కాబట్టి దేవుడు నిజంగా ఉండి తీరాలనీ వాదించాడు. ఆయన కాలంలోనే గానిలో అనే మరొక సన్యాసి, ఈ పద్ధతిలోనే అన్ని ద్వీపాలకంటె గొప్ప ద్వీపం సముద్రంలో ఎక్కడో ఉందని కూడా నిరూపించవచ్చు గదా అని అడ్డు తగిలాడు. అడ్డు తగిలినవాడు నాస్తికుడు కాడు, సాటి విశ్వాసి. ఈ సంగతి మన కూటములలో ఎవరూ చెప్పరు. తర్వాతి కాలంలో థామస్ అక్వినాస్ కూడా ఆ వాదాన్ని అంగీకరించలేదు. లైబ్నిట్జ్ అనే తత్త్వవేత్త దానిలో ఒక ఖాళీని పట్టుకున్నాడు: పరిపూర్ణ గుణాలన్నీ ఒకే చోట ఉండడం సాధ్యమేనని ముందు చూపించాలన్నాడు. గోడెల్ పూడ్చడానికి ప్రయత్నించినది ఆ ఖాళీనే. అందుకోసం ఆయన "సానుకూల గుణం" అనే భావనను తీసుకుని, ఏ గుణమైనా దాని వ్యతిరేకమైనా రెండింటిలో ఒకటి మాత్రమే సానుకూలమనీ, సానుకూల గుణం నుంచి తప్పనిసరిగా వచ్చేది కూడా సానుకూలమేననీ, ఉండి తీరడమనేది సానుకూల గుణాలలో ఒకటనీ, ఇటువంటి కొన్ని స్వీకృతాలను ముందే పెట్టుకున్నాడు. వాటిని ఒప్పుకుంటే చివరి ఫలితం వస్తుంది.

1970లో ఆయన ఆ కాగితాన్ని డేనా స్కాట్ అనే తర్కవేత్తకు చూపించాడు గాని ప్రచురించలేదు. ప్రచురిస్తే తాను నిజంగా దేవుణ్ణి నమ్ముతున్నానని జనం అనుకుంటారనీ, తాను చేసినది తర్కంలో ఒక పరిశోధన మాత్రమేననీ ఆయన భయపడినట్టు మిత్రుడు మోర్గెన్‌స్టెర్న్ డైరీలో రాసుకున్నాడు. గోడెల్ నాస్తికుడని దీని అర్థం కాదు. చర్చికి వెళ్లే అలవాటు లేకపోయినా ఆదివారం ఉదయం పడక మీదనే బైబిలు చదువుకునేవాడని ఆయన భార్య చెప్పింది. అంటే తన నమ్మకానికీ ఆ కాగితానికీ మధ్య దూరం ఎంతో ఆయనకు తెలుసు. ఆయన 1978లో మరణించాడు. నిరూపణ 1987లో అచ్చయింది.

ఇక కంప్యూటర్ సంగతి. 2013లో బెన్జ్‌ముల్లర్, వోల్ట్‌సెన్‌లోగెల్ పాలెయో అనే ఇద్దరు పరిశోధకులు ఈ నిరూపణను కంప్యూటర్‌లో పరిశీలించిన మాట నిజం. అయితే కంప్యూటర్ చూసినది ఒక్కటే: స్వీకృతాల నుంచి ఫలితం దాకా ఉన్న ప్రతి అడుగూ తర్క నియమాల ప్రకారం పడిందా లేదా అని. స్వీకృతాలు నిజమా కాదా అన్నది దాని పని కాదు, ఎన్నటికీ కాబోదు. మన ఊరి నాపరాయి ఎంత నునుపుగా ఉన్నా కింద దిమ్మిస గట్టిగా కొట్టకపోతే బండ కుంగుతుంది. కంప్యూటర్ తనిఖీ చేసినది బండల మధ్య అతుకులను. పైగా ఆ పరిశోధనలో బయటపడిన మరో సంగతిని మీ వక్త చెప్పలేదు, బహుశా ఆయన దాకా వచ్చి ఉండదు. గోడెల్ తన చేతిరాతలో ఇచ్చిన నిర్వచనాలలో ఒకదానిలో చిన్న షరతు లేకపోవడం వల్ల, ఆ రూపంలో ఆయన స్వీకృతాలు ఒకదానితో ఒకటి పొసగవని ఆ కంప్యూటరే తేల్చింది. వైరుధ్యం ఉన్న స్వీకృతాల నుంచి దేన్నయినా నిరూపించవచ్చునని మీరు మొదటి సంవత్సరంలోనే చదివి ఉంటారు. దేవుడు లేడని కూడా అంతే దర్జాగా నిరూపించవచ్చు. స్కాట్ ఆ షరతును చేర్చి రాసిన రూపంలో ఆ చిక్కు లేదు.

కాని స్కాట్ రూపంలో ఇంకా లోతైన చిక్కు ఉంది, నాకు అసలు అభ్యంతరం దానితోనే. సోబెల్ అనే తత్త్వవేత్త చూపించినదేమిటంటే, ఈ స్వీకృతాలను ఒప్పుకుంటే ఏది నిజమో అదంతా నిజం కాక తప్పనిదే అవుతుంది. ఈ ఉదయం మీరు ఏ రంగు చున్నీ వేసుకున్నారో అది కూడా వేరుగా ఉండడానికి వీల్లేనిదవుతుంది. అప్పుడు దేవుడు లోకాన్ని సృజించడం ఆయన ఇష్టం వల్ల జరిగినది కాదు, సృజించక తప్పలేదు. కృప అన్నది కూడా అట్లాగే ఇవ్వక తప్పనిదవుతుంది. ఆదికాండము మొదటి అధ్యాయాన్నీ రోమా పత్రికనూ నమ్మే మనిషి చప్పట్లు కొట్టవలసిన ఫలితమేనా ఇది? నిరూపణ దొరికిందన్న సంతోషంలో, నిరూపించబడినది మనం ఆరాధించే దేవుడేనా అని ఎవరూ అడగలేదు. 1654వ సంవత్సరం నవంబరు 23 రాత్రి తన అనుభవాన్ని కాగితం మీద పెట్టిన పాస్కల్, అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్త్వవేత్తల దేవుడు కాడు అని రాసుకున్నాడు. ఆ మాట తర్కం చేతకానివాడు రాసినది కాదు. అదే సంవత్సరం కొన్ని నెలల ముందు ఫెర్మాతో ఉత్తరాలు నడిపి సంభావ్యతా శాస్త్రానికి పునాది వేసినవాడు ఆయనే.

గోడెల్ పేరు మరోచోట కూడా వినిపిస్తుంది కనుక దాన్నీ ఇక్కడే ముగిస్తాను. 1931లో ఆయన నిరూపించిన అసంపూర్ణతా సిద్ధాంతాన్ని పట్టుకుని, తర్కానికి అందని సత్యాలున్నాయని గణితమే ఒప్పుకుంది కాబట్టి దేవుడున్నాడని కొందరంటారు. ఆ సిద్ధాంతం చెప్పేది అంకగణితాన్ని పట్టగలిగినంత బలమూ, లోపల వైరుధ్యం లేకుండడమూ, ఇది స్వీకృతం ఇది కాదని యాంత్రికంగా తేల్చే వీలూ ఉన్న వ్యవస్థల గురించి మాత్రమే. అటువంటి వ్యవస్థలో నిరూపించడానికీ ఖండించడానికీ వీలుకాని వాక్యం ఒకటి ఉంటుంది. దాన్ని మరింత బలమైన వ్యవస్థలో నిరూపించవచ్చు. బైబిలు అటువంటి వ్యవస్థ కాదు, విశ్వాసమూ కాదు. దీనికి ఒక సరదా సంబంధం మాత్రం లేఖనాలలో ఉంది. తీతుకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో, క్రేతీయులు ఎప్పుడూ అబద్ధికులేనని వాళ్లలోనే ఒకడన్నాడని పౌలు ఉటంకిస్తాడు. తర్కం పుస్తకాలలో కనిపించే అబద్ధికుడి విరోధాభాసకు ఆ మాటతో చుట్టరికం కలుపుతారు. జాగ్రత్తగా చూస్తే అందులో వైరుధ్యమేమీ లేదు. ఆ మాట అబద్ధమనుకుంటే ఏదో ఒక క్రేతీయుడు ఎప్పుడో ఒకసారి నిజం చెప్పాడని మాత్రమే తేలుతుంది. "ఈ వాక్యం అబద్ధం" అన్నప్పుడే అసలు చిక్కు వస్తుంది. గోడెల్ దాన్ని "ఈ వాక్యాన్ని ఈ వ్యవస్థలో నిరూపించలేము" అని మార్చి తన సిద్ధాంతాన్ని కట్టాడు. పౌలు అక్కడ క్రేతు సంఘపు క్రమశిక్షణ గురించి రాస్తున్నాడు, పాపం, ఆయనకు ఈ గొడవ తెలియదు.

కోరుకున్న ఫలితం మీద ప్రేమ తర్కాన్ని ఎట్లా చెడగొడుతుందో చూడాలంటే సకేరీ కథను మించినది లేదు. అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు రేఖాగణితం చెప్పే రోజుల్లో యూక్లిడ్ ఐదో స్వీకృతం దగ్గరికి రాగానే నేను ఈ కథ చెప్పేవాణ్ణి. సకేరీ ఇటలీలో జెస్యూట్ గురువు. ఒక సరళరేఖకు బయటి బిందువు గుండా దానికి సమాంతరంగా ఒకే ఒక రేఖ ఉంటుందని చెప్పే ఆ స్వీకృతాన్ని మిగిలిన నాలుగింటి నుంచి నిరూపించాలని పట్టుపట్టి, అది తప్పనుకుని బయలుదేరి వైరుధ్యం వచ్చేదాకా నడవాలనుకున్నాడు. ఒక్కొక్క సిద్ధాంతమే నిరూపిస్తూ చాలా దూరం వెళ్లాడు. అయినా కోరుకున్న వైరుధ్యం రాలేదు. చివరికి 1733లో అచ్చయిన పుస్తకంలో, వచ్చిన ఫలితం సరళరేఖ స్వభావానికే విరుద్ధమని తేల్చేసి, యూక్లిడ్‌కు మచ్చ లేకుండా చేశానని ప్రకటించాడు. అది తర్కం తేల్చినది కాదు, ఆయన మనసు కోరుకున్నది. నిజానికి ఆయన నడిచినది ఒక కొత్త జ్యామితిలో. దాదాపు వంద సంవత్సరాల తర్వాత లొబచెవ్‌స్కీ, బోయాయి అనే గణితవేత్తలు ఆ జ్యామితిని జ్యామితిగానే గుర్తించి ప్రకటించారు. సకేరీ భక్తి ఆయనను అంత దూరం నడిపించిందో, చివరి పుటలలో ఆయన కళ్లు కట్టిందో నేను చెప్పలేను. రెండూ జరిగి ఉండవచ్చు. ఆ కథ నుంచి మీరు తీసుకోవలసినది మాత్రం ఇది: స్వీకృతం మారితే జ్యామితి మారుతుంది, కనుక గణితం ఇచ్చే నిశ్చయం ఎప్పుడూ "ఇవి ఒప్పుకుంటే" అన్న షరతు మీద ఇచ్చే నిశ్చయమే. ఆ షరతు లోపల దానికి సాటి వచ్చేది లేదు, ఆ షరతును దాటి అది మాట్లాడదు.

అందుకే గణితాన్ని ఏ మతమూ తన వైపు సాక్షిగా పిలుచుకోజాలదు. జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని శైవుడైన పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చినప్పుడు దేవతలు మారారు, లెక్కలు మారలేదు. తన సూత్రాలు నామగిరి అమ్మవారు ఇచ్చినవేనన్న రామానుజనూ, దేవుడన్న మాటే గిట్టని హార్డీయూ కలిసి 1918లో పూర్ణసంఖ్యల విభజనల మీద రాసిన వ్యాసంలో ఏ పంక్తి భక్తుడిదో ఏది నాస్తికుడిదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆయిలర్ విశ్వాసి, కోషీ విశ్వాసి అని పేర్లు ఏకరువు పెట్టే ఉపన్యాసాల వల్ల ఏమీ తేలదు. ఆయిలర్ పేరు మీద తిరిగే ఒక కథను మీరు వినే ఉంటారు. రష్యా రాణి ఆస్థానంలో నాస్తికుడైన దీదెరోను ఆయిలర్ ఏదో ఒక బీజగణిత సూత్రం చదివి, "కాబట్టి దేవుడున్నాడు, జవాబు చెప్పండి" అని నోరు మూయించాడన్నది ఆ కథ. దీదెరో గణితంలో వ్యాసాలు ప్రచురించినవాడు, అంత తేలికగా బెదిరే మనిషి కాడు; కథ కల్పితమనే చరిత్రకారులు అంటారు. ఒకవేళ నిజమే అయినా అందులో గొప్పదనమేముంది? అర్థం లేని సూత్రంతో ఒక మనిషిని సభలో అవమానించడం విశ్వాసి చేయదగిన పనేనా? ఆ కథ చెప్పి నవ్వించే దైవజనులు ఈ కోణంలో ఒకసారి ఆలోచిస్తే బాగుంటుంది.

మరి విశ్వాసానికి ఆధారం లేదా అని మీరు అడుగుతారు. ఉంది, కాని అది వేరే జాతి ఆధారం. మొదటి కొరింథీయుల పత్రిక పదిహేనో అధ్యాయాన్ని గణిత విద్యార్థిగా మళ్లీ చదవండి. "మరియు క్రీస్తు లేపబడియుండనియెడల మేము చేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే" అని పౌలు రాశాడు. తన మొత్తం బోధనను ఒక షరతు వాక్యం మీద నిలబెట్టి, ఆ షరతు తప్పయితే అంతా పోతుందని తానే చెబుతున్నాడు. తర్కానికి భయపడే మనిషి అట్లా రాయడు. అయితే ఆ షరతు నిజమని చూపడానికి ఆయన స్వీకృతాల దగ్గరికి వెళ్లలేదు, సాక్షుల దగ్గరికి వెళ్లాడు. కేఫాకు, అంటే పేతురుకు, కనబడ్డాడు, పన్నెండుగురికి కనబడ్డాడు, ఐదువందలకు పైబడిన సహోదరులకు ఒకేసారి కనబడ్డాడు, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు అన్నాడు. కావాలంటే వెళ్లి అడగమన్నట్టే ఉంది ఆ మాట. క్రైస్తవ విశ్వాసం ప్రధానంగా ఒక సంఘటన గురించీ ఒక వ్యక్తి గురించీ చెప్పే మాట. సంఘటనలను ఎవరూ స్వీకృతాల నుంచి రాబట్టరు. సాక్ష్యాన్ని తూస్తారు, సాక్షులు నమ్మదగినవారా అని చూస్తారు, తర్వాత నమ్ముతారో నమ్మరో నిర్ణయించుకుంటారు. మీ అమ్మగారు మీ అమ్మేనని మీకున్న నిశ్చయం కూడా నిరూపణ వల్ల వచ్చినది కాదు, అయినా అది గుడ్డిది కాదు.

సాక్ష్యాన్ని తూచడంలో గణితానికి పాత్ర లేదనడం లేదు. హ్యూమ్ అనే తత్త్వవేత్త 1748లో అద్భుతాలకు వ్యతిరేకంగా రాసిన వాదానికి రిచర్డ్ ప్రైస్ అనే బోధకుడు జవాబు చెప్పాడు. ఆయన తన మిత్రుడు థామస్ బేయ్స్ మరణించాక మిగిలిన కాగితాలను 1763లో ప్రచురించి, ఆ పద్ధతిని ఈ చర్చలోకి తెచ్చినవాడు. బేయ్స్ కూడా బోధకుడే. మీరు సంభావ్యతలో చదివే బేయ్స్ సిద్ధాంతం అదే. అయితే ఆ సిద్ధాంతం చెప్పేది కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు మన నమ్మకం ఎంత మారాలో మాత్రమే. మొదట ఎంత నమ్మకంతో బయలుదేరాలో అది చెప్పదు. పునరుత్థానానికి ఇంత శాతం సంభావ్యత ఉందని అంకె వేసి చూపే పుస్తకాలు మీకు తటస్థపడితే, మొదటి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి.

నిరూపణ అడగడం అవిశ్వాసమా అన్నారు. యేసు తిరిగి లేచాడని విన్నప్పుడు శిష్యుడైన తోమా గాయాలు చూస్తే గాని నమ్మనన్నాడు. యేసు ఆయనను వెళ్లగొట్టలేదు, చేతులు చూపించాడు. చూడకనే నమ్మినవారు ధన్యులన్న మాట ఆ తర్వాత వచ్చింది, చూపించకముందు కాదు. బెరయలోని వారు పౌలు చెప్పినవి ఆలాగున్నవో లేవోనని ప్రతిదినమూ లేఖనాలు పరిశోధించినందుకు అపొస్తలుల కార్యములలో వాళ్లకు మెప్పు దక్కింది. మీ ఇబ్బంది అడగడంలో లేదు. ప్రార్థనలో కూర్చుని గణితం తరహా నిరూపణ కోసం చూస్తున్నారు, అది అక్కడ దొరికే వస్తువు కాదు. దొరకనందుకు గాభరా పడకండి. ప్రశ్న వచ్చినప్పుడు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టి, ప్రార్థన అయ్యాక దాని మీద పని చేయండి.

ఇప్పుడు మీ స్నేహితురాలి లెక్క. ముందుగా, 1×1×1 = 1 కాబట్టి త్రిత్వము (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ) సరిపోయిందని చెప్పే జవాబును దయచేసి వాడవద్దు. నలుగురున్నా పదిమందున్నా ఆ గుణకారం ఒకటే ఇస్తుంది. అది దేన్నీ వివరించదు. కూడిక ఎందుకు వద్దు, గుణకారం ఎందుకు కావాలని ఆమె అడిగితే మీ దగ్గర మాట ఉండదు. సండే స్కూలులో చెప్పే గుడ్డు పోలిక, నీరు ఆవిరి మంచు పోలిక కూడా అంతే. మొదటిది దేవుణ్ణి ముక్కలు చేస్తుంది, రెండోది ఒక్కడే వేషాలు మార్చాడన్న పాత తప్పుబోధలోకి దించుతుంది. క్రీ.శ. 325లో నీకయ పట్టణంలోనూ 381లో కాన్‌స్టాంటినోపుల్‌లోనూ సంఘం సభగా కూర్చుని చెప్పినది వేరు: సారములో ఒక్కడు, వ్యక్తులుగా ముగ్గురు. ముగ్గురు దేవుళ్లు ఒక్క దేవుడని గాని, ముగ్గురు వ్యక్తులు ఒక్క వ్యక్తి అని గాని అనలేదు. లెక్కపెట్టేటప్పుడు దేన్ని లెక్కపెడుతున్నామో చెప్పకుండా మూడు అనడానికీ ఒకటి అనడానికీ అర్థం లేదు గనుక, 3 = 1 అన్న సమీకరణం ఆ సిద్ధాంతంలో ఎక్కడా లేదు.

ఇంతవరకు చెబితే ఆమె ప్రశ్న ఆ రూపంలో నిలవదు. అయితే ఆమె తర్కం బాగా తెలిసిన పిల్ల అయితే ఇంకాస్త గట్టి ప్రశ్న వేస్తుంది, దాన్ని మీరే ముందు చెప్పడం నిజాయితీ. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, తండ్రి కుమారుడు కాడు. ఈ మూడు వాక్యాలలో మొదటి రెండూ సమానత్వాన్ని చెబుతున్నాయనుకుంటే, సమానత్వానికి సంక్రమణ ధర్మం (ఒకే దానికి సమానమైనవి ఒకదానికొకటి సమానం) ఉంది గనుక తండ్రే కుమారుడని వస్తుంది, మూడో వాక్యంతో గొడవ పడుతుంది. సమానత్వం కాదు, కేవలం ఒక గుణాన్ని చెబుతున్నాయనుకుంటే ఆ గుణం ఉన్నవారు ముగ్గురు గదా, ముగ్గురు దేవుళ్లు గదా అన్న ప్రశ్న వస్తుంది. పీటర్ గీచ్ అనే కాథలిక్ తర్కవేత్త, "అదే" అన్న సంబంధం ఎప్పుడూ ఏదో ఒక జాతిని బట్టే ఉంటుందనీ, ఒక జాతిని బట్టి ఒకటే అయినవి మరో జాతిని బట్టి వేరు కావచ్చుననీ వాదించాడు. ఆ వాదాన్ని ఒప్పుకోని తర్కవేత్తలు చాలామంది ఉన్నారు. అంటే సిద్ధాంతం అర్థం లేని వైరుధ్యమని ఎవరూ నిరూపించలేదు, దాన్ని పూర్తిగా విప్పి చెప్పిన తర్కమూ అందరికీ ఒప్పుదలైనది ఇంకా లేదు. ఇదే మాట ఆమెతో అనండి. తెలిసినంతవరకు చెప్పి ఆగే మనిషిని స్నేహితులు గౌరవిస్తారు.

చుట్టుకొలత ప్రశ్న చిన్నది. మొదటి రాజుల గ్రంథం ఏడో అధ్యాయంలో సొలొమోను చేయించిన ఇత్తడి తొట్టి అంచు నుంచి అంచుకు పది మూరలు, చుట్టూ ముప్పై మూరలు అని ఉంది. అసలు వ్యాసం 9.6 మూరలైతే చుట్టుకొలత 30.16 అవుతుంది, రెండింటినీ దగ్గరి పూర్ణసంఖ్యకు చెబితే 10, 30. అది ఒక తొట్టి వర్ణన, జ్యామితి పాఠం కాదు. తొట్టి మందం బెత్తెడు కాబట్టి లోపలి వ్యాసం, బయటి చుట్టుకొలత అని సాగదీసి π (పై) విలువను దశాంశాలతో సహా రాబట్టే ప్రయత్నాలున్నాయి, వాటి జోలికి వెళ్లవద్దు. లేఖనంలో అంకెలు తవ్వే అలవాటు మంచి గణితవేత్తలను కూడా చెడగొట్టింది. బీజగణితంలో పేరున్న లూథరన్ బోధకుడు మిషాయెల్ స్టీఫెల్, 1533 అక్టోబరు 19 ఉదయం ఎనిమిది గంటలకు లోకాంతమని లెక్కకట్టి సంఘాన్ని సిద్ధం చేశాడు. లూథర్ వారించినా వినలేదు. ఆ గంట గడిచిపోయింది, ఆయనను నిర్బంధంలో పెట్టారు. పదకొండేళ్ల తర్వాత ఆయన ప్రచురించిన అంకగణిత గ్రంథం మాత్రం ఇప్పటికీ చరిత్రలో నిలిచింది.

మీ అమ్మగారి మాటకు కోపం తెచ్చుకోకండి. చదువుకుని ఊరు దాటి, సంఘం దాటి వెళ్లిపోయిన పిల్లలను ఆమె చూసి ఉంటారు. ఆ భయానికి వాదంతో జవాబు చెప్పలేము. ఆ నవంబరు రాత్రి తర్వాత పాస్కల్ గణితాన్ని వదిలేశాడని కొందరు చెబుతారు గాని, 1658లో ఆయన చక్రాభం అనే వక్రరేఖ మీద పోటీ పెట్టి యూరప్ గణితవేత్తలందరినీ పని చేయించాడు. ఇది ఆమెకు చెప్పండి, ఆదివారం ఆమె పక్కన కూర్చుని పాట పాడండి. రెండోది ఎక్కువ పని చేస్తుంది.

కూటమిలో దేవుడున్నాడని నిరూపించే ప్రయత్నం చేయవద్దు. మొన్నటి వక్తను పేరెత్తి ఖండించవద్దు. యువజన నాయకుడికి మాత్రం గోడెల్ విషయంలో నిజమేమిటో విడిగా ముందే చెప్పండి. మాట్లాడడానికి కాంటర్‌ను తీసుకోండి. గెయార్గ్ కాంటర్ లూథరన్ విశ్వాసి, అనంతాలలో పెద్దవీ చిన్నవీ ఉన్నాయని చూపినవాడు. సరిసంఖ్యలన్నీ సహజ సంఖ్యలన్నింటితో జతకుదురుతాయని ముందు చూపించండి. పదో తరగతి పిల్లలు కూడా ఆశ్చర్యపోతారు. తర్వాత 1891 నాటి కర్ణ పద్ధతి. సున్నకూ ఒకటికీ మధ్య ఉన్న దశాంశ సంఖ్యలన్నింటినీ వరుసగా రాశామని ఎవరైనా అంటే, మొదటి సంఖ్యలో మొదటి అంకెను, రెండో సంఖ్యలో రెండో అంకెను, ఇట్లా మారుస్తూ పోయి ఆ జాబితాలో లేని సంఖ్యను తయారుచేయండి. దీనికి పది నిమిషాలు పడుతుంది, తొందరపడకండి.

ఆ తర్వాత కార్డినల్ ఫ్రాంట్సెలిన్‌తో కాంటర్ 1886లో నడిపిన ఉత్తరాల సంగతి చెప్పండి. సృష్టిలో అనంతం ఉందంటే దేవుడూ సృష్టీ ఒకటే అన్నట్టు కాదా అని కార్డినల్‌కు అనుమానం. తాను లెక్కించే అనంతాలు సృష్టికి సంబంధించినవనీ, పెంచడానికి వీలున్నవనీ, దేవుడి పరమ అనంతం లెక్కకు అందనిదనీ కాంటర్ వేరుచేశాడు. కార్డినల్ దాన్ని ఒప్పుకున్నాడు. కాని, దేవుడి పరిపూర్ణత నుంచి అటువంటి అనంతాలను ఆయన సృజించి తీరాలన్న ఫలితం వస్తుందని కాంటర్ అన్నప్పుడు మాత్రం, అది దేవుడి స్వేచ్ఛకు అడ్డమని ఆపాడు. గోడెల్ నిరూపణ మీద నేను పైన చెప్పిన అభ్యంతరానికి ఇది చాలా దగ్గర. కోరినవాళ్లకు ఆ సంబంధం వివరించవచ్చు.

చివరి ఐదు నిమిషాలు ప్రశ్నలకు ఉంచండి. అయితే అనంతమే దేవుడా అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదని చెప్పండి: ఏ సమితిని తీసుకున్నా దాని ఉపసమితులన్నింటి సమితి అంతకంటె పెద్దదని కాంటరే నిరూపించాడు, కనుక గణితంలో అన్నిటికంటె పెద్ద అనంతం లేదు. మైకు ఉంటుంది గాని నల్లబల్ల ఉండకపోవచ్చు. నాయకులను ముందుగానే అడిగి పెట్టించుకోండి, కర్ణ పద్ధతిని నోటితో చెబితే ఎవరికీ అర్థం కాదు.